రెండో సంతకం

సంతకం పెట్టేముందు చదవాలని నాకు తెలియక కాదు. కూరగాయల కొట్లో బిల్లు ఇస్తే తలుపు దగ్గరే నిలబడి పైనుంచి కిందిదాకా చూసుకునే మనిషిని నేను. కారుకి తాళం వేసి నాలుగడుగులు వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి హ్యాండిల్ లాగి చూస్తాను. పెళ్ళయిన కొత్తలో మా ఆయన దీనికి నవ్వేవాడు, ఇప్పుడు తనే ముందు లాగి చూస్తున్నాడు. అటువంటి నేను ఆరు పేజీల ఉద్యోగ ఒప్పందం మీద ఒక్క వాక్యం కూడా చదవకుండా సంతకం పెట్టాను. దానికి కారణం గుత్తి వంకాయ కూర.

మేం న్యూజెర్సీలో, ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్లో ఉంటాం. నేను ఒక మందుల కంపెనీలో, కొత్త మందుల పరీక్షల డేటా మీద ప్రోగ్రామ్‌లు రాసే పని చేసేదాన్ని. ఒక మంగళవారం పొద్దున పదకొండు నిమిషాల వీడియో కాల్‌లో ఆ ఉద్యోగం పోయింది. హెచ్ వన్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగం పోయిన రోజు నుంచి అరవై రోజులు గడువు. ఆలోగా ఇంకో కంపెనీ మన కోసం దరఖాస్తు వేయాలి, లేకపోతే పెట్టెలు సర్దుకోవాలి. మా ఆయన పని పర్మిట్ కూడా నా వీసాకే ముడిపడి ఉంది. మా అమ్మాయి ఐదో తరగతి చదువుతోంది. ముగ్గురం ఇక్కడ ఉండాలా వద్దా అన్నది నా ఒక్కదాని కాగితం మీద ఉంది. వంటింటి క్యాలెండర్లో రోజులకి పెన్సిల్‌తో అంకెలు వేసుకున్నాను.

గుడిలో అన్నదానం రోజు వడ్డనకి వెళ్ళేదాన్ని. అక్కడ పరిచయం ఆ అన్నయ్యగారు. నిజంగా అన్నయ్య కాదు. గుంటూరు వైపు ఆయన, యాభై దాటాయి, అందరికీ అన్నయ్యగారే. ఎడిసన్లో ఇల్లు, సొంతంగా చిన్న కన్సల్టెన్సీ. మనల్ని తన కంపెనీలో చేర్చుకుని, వేరే కంపెనీల పనికి పంపించడం ఆయన వ్యాపారం. ఉద్యోగం పోయిన సంగతి తెలిసి తనే ఫోన్ చేసి, ఆదివారం అందర్నీ భోజనానికి రమ్మన్నారు. ఫోన్ పెట్టేశాక మా ఆయనతో అన్నాను, ఊరక రారు మహానుభావులు అని. ఆయన వస్తున్నాడా, మనం వెళ్తున్నామా అని మా ఆయన అడిగాడు.

అప్పటికి పన్నెండో రోజు. దారిలో ఉండగానే ఆయన కంపెనీ ఉద్యోగ ఒప్పందం ఈమెయిల్‌లో వచ్చింది. రూట్ వన్ మీద ట్రాఫిక్, కారు నడుపుతున్నది నేను, తెరవలేదు. వాళ్ళింటికి వెళ్ళేసరికి వదినగారు గుత్తి వంకాయ, మజ్జిగ పులుసు, గోంగూర పచ్చడి చేసి పెట్టారు. పన్నెండు రోజులుగా మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఆ పూట ముగ్గురం మారు వడ్డించుకుని తిన్నాం. మా అమ్మాయి వంకాయ తినడం నేను చూడడం అదే మొదటిసారి.

విస్తరాకు ప్లేట్లు తీశాక ఆయన కాగితాలు తెచ్చి టేబుల్ మీద పెట్టారు. "ఇవాళ సప్తమి అమ్మా. రేపు అష్టమి, ఎల్లుండి నవమి. నాలుగున్నరకి రాహుకాలం. ఈలోపు సైన్ చేసేస్తే బుధవారం దశమికి వీసా పని మొదలుపెట్టొచ్చు" అన్నారు.

గడియారం నాలుగు చూపిస్తోంది. ఆరు పేజీలు చదవడానికి అరగంట చాలు. కానీ ఎలా చదవాలి? కడుపునిండా అన్నం పెట్టిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటే, ఆయన ఇచ్చిన కాగితంలో ఎక్కడ మోసం ఉందో వేలు పెట్టి వెతకాలా? అమెరికా వాళ్ళయితే చదువుతారు, ఆ ఇచ్చినవాళ్ళు ఏమీ అనుకోరు. మనకి అది మొహం మీద నువ్వు దొంగవి అన్నట్టే. పైగా వదినగారు కాఫీ తెచ్చి నా పక్కనే నిలబడ్డారు. చివరి పేజీ తిప్పి సంతకం పెట్టేశాను. కింద ఆయన సంతకం పెట్టాల్సిన గీత ఖాళీగా ఉంది. తను కూడా పెట్టి, స్కాన్ చేసి పంపిస్తానన్నారు.

ఇల్లు చేరేదాకా హాయిగానే ఉంది. సోమవారం పొద్దున ఈమెయిల్ తెరిచి చదివాను. నాలుగో పేజీలో మెలిక ఉంది. చేరిన రోజు నుంచి పద్దెనిమిది నెలలు వదిలి వెళ్ళకూడదు, వెళితే నష్టపరిహారం కట్టాలి, ఆయన పంపిన కంపెనీలో నేరుగా చేరకూడదు. ఇటువంటివి చాలామంది ఒప్పందాల్లో ఉంటాయని నాకు తెలుసు. కానీ నన్ను కుదిపింది అది కాదు. నేను సంతకం పెట్టింది ఈ కాగితం మీదేనా అన్న అనుమానం పట్టుకుంది. ఈమెయిల్‌లో ఒకటి పంపి, టేబుల్ మీద ఇంకొకటి పెట్టి ఉంటే? రాహుకాలం అన్నది నన్ను తొందర పెట్టడానికేనా? క్యాలెండర్ తీసి చూశాను. ఆదివారం నాలుగున్నరకే రాహుకాలం. నిజమే అయినందుకు కాస్త కోపం కూడా వచ్చింది.

సంతకాలు ఉన్న కాపీ పంపమని మెసేజ్ పెట్టాను. "పంపిస్తా అమ్మా" అని జవాబు. రెండు రోజులాగి మళ్ళీ అడిగాను, బొటనవేలి బొమ్మ వచ్చింది. రెండు వారాలయ్యాక, దరఖాస్తు వేస్తే ప్రభుత్వం రసీదు ఇస్తుంది కదా, ఆ నంబర్ ఇమ్మన్నాను. లాయర్ దగ్గర ఉందన్నారు. లాయర్ ఫోన్ నంబర్ అడిగితే, నువ్వు టెన్షన్ పడకమ్మా, నేను చూసుకుంటాను అన్నారు. టెన్షన్ పడవద్దని ఎవరైనా అంటే నాకు అప్పుడే మొదలవుతుంది.

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. వేశామని చెప్పి అసలు వేయకుండా, పని దొరికేదాకా జనాన్ని గాలిలో ఉంచిన కన్సల్టెన్సీల కథలు ఇక్కడ ప్రతి పుట్టినరోజు పార్టీలోనూ వినపడతాయి. అవన్నీ ఒక్కటొక్కటిగా గుర్తుకొచ్చాయి. ముప్పై నాలుగో రోజున, మా అమ్మాయిని బడిలో దింపి, ఎవరికీ చెప్పకుండా ఆయన ఆఫీస్‌కి వెళ్ళాను. ఇన్‌కమ్ టాక్స్ లెక్కలు కట్టే ఒకాయన దుకాణం పైన ఒక గది. పదకొండున్నరకి తాళం వేసి ఉంది. తలుపు మీద ఒకటి కాదు, మూడు కంపెనీల పేర్లు. పోస్టు మనిషి అంటించిన చీటీలు రెండు వేలాడుతున్నాయి. తలుపు హ్యాండిల్ లాగి చూశాను. ఫోటో తీసుకుని ఇంటికొచ్చాను.

ఆ ఫోటో మా ఆయనకి చూపిస్తే, "ఆయన ఇంట్ల నుంచి పని చేస్తుండొచ్చు. మనోళ్ళు సగం మంది అంతే కదా" అన్నాడు. హైదరాబాద్ మనిషి, దేనికీ తొందరపడడు. ఆయన అంత నిదానంగా ఉండడం కూడా ఆ రోజుల్లో నాకు అనుమానంగానే తోచింది. నాకు తెలియకుండా అన్నయ్యగారితో మాట్లాడుతున్నాడేమో అని మా ఆయన ఫోన్‌లో కాల్స్ చూశాను. ఏమీ లేవు. చూసినందుకు సిగ్గుపడ్డాను కానీ చూడడం మానలేదు.

నలభయ్యో రోజున, నేను పాత రోజుల్లో పనిచేసిన ఒక మందుల కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. మధ్యవర్తి ఎవరూ లేని ఉద్యోగం, నన్ను ఎరిగిన మేనేజర్. అప్పుడు మాకు కావలసింది ఒకటే: అన్నయ్యగారి కాగితం నుంచి బయటపడడం. ఇంటర్‌నెట్లో వెతికి ఒక లాయర్‌తో అరగంట మాట్లాడాను. ఆమె ఓపికగా చెప్పింది. ఈ దేశంలో చాలామటుకు ఉద్యోగం అంటే ఎవరికి ఇష్టమైనప్పుడు వాళ్ళు తప్పుకోవచ్చు. కానీ సంతకం పెట్టి ఒప్పుకున్న షరతులు వేరు, వాటిని పట్టుకుని అవతలి వాళ్ళు కోర్టుకి వెళ్ళే వీలుంటుంది. సాధారణంగా ఆఫర్‌కి మనం ఒప్పుకోగానే ఒప్పందం అయినట్టే, అవతలి సంతకం లేకపోయినా. అయితే మీ కాగితం ఏమంటోందో చూడండి అంది.

చూశాను. ఆరో పేజీలో, అన్నిటికన్నా కింద ఉంది. ఇరుపక్షాలూ సంతకం చేసిన తేదీ నుంచి ఈ ఒప్పందం అమల్లోకి వస్తుంది. ఆయన సంతకం నేను చూడలేదు. కాపీ ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. లాయర్‌కి చదివి వినిపిస్తే, ఆయన సంతకం పెట్టలేదన్నది నిజమే అయితే మీ వాదన బలంగానే ఉంటుంది అంది. నిజమే అయితే అన్న మాట నేను చెవిన వేసుకోలేదు.

నలభై రెండో రోజున ఈమెయిల్ రాశాను. ఎంత మర్యాదగా రాశానంటే, ఇప్పుడు చదివితే నా ఒంటికే చలి పుడుతుంది. మీ వైపు సంతకం లేదు కాబట్టి మన మధ్య ఒప్పందం ఏర్పడనట్టే భావిస్తున్నానని, వేరే అవకాశం వచ్చిందని, మీ ఆదరణకి కృతజ్ఞతలని ఇంగ్లీషులో రాశాను. అన్నయ్యగారూ అని మాత్రం రాయలేదు. గంట తర్వాత జవాబు వచ్చింది. "ఓకే అమ్మా. ఆల్ ది బెస్ట్."

అంతే. తిట్టలేదు, బెదిరించలేదు, పద్దెనిమిది నెలల ఊసు ఎత్తలేదు. తిడితే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఆ నాలుగు మాటల వెనక ఏం ఉందో తెలియక వారం రోజులు నిద్ర పట్టలేదు. లాయర్‌తో నోటీసు తయారు చేయిస్తున్నాడని ఒక రోజు, కొత్త కంపెనీకి నా మీద రాస్తాడని ఒక రోజు అనుకున్నాను. వదినగారు రెండుసార్లు ఫోన్ చేశారు, తీయలేదు. గుడికి వెళ్ళడం మానేశాను. దేవుడికి కారణం తెలుసు, మా అమ్మాయికి మాత్రం కాలు నొప్పని చెప్పాను.

కొత్త కంపెనీ పెద్దది, అందుకని పని మెల్లగా నడిచింది. ఒక కాగితం ఒకరు చూస్తే ఇంకొకరు సంతకం పెట్టాలి. వీసా దరఖాస్తుకి ముందు కార్మిక శాఖ దగ్గర ఒక అనుమతి తీసుకోవాలి. దానిలో కంపెనీ నంబర్ ఏదో సరిపోలేదని యాభై ఎనిమిదో రోజున వెనక్కి వచ్చింది. మళ్ళీ వేస్తే ఇంకో పది రోజులు. యాభై తొమ్మిదో రోజు శుక్రవారం, ఆ కంపెనీ లాయర్ నాకు ఫోన్ చేశాడు. ఆయన గొంతు చాలా మృదువుగా ఉంది, అందుకే వంటింట్లోకి వెళ్ళి క్యాలెండర్ ముందు నిలబడ్డాను. ఈ అరవై రోజుల్లో ఇంకెవరైనా మీ పేరున దరఖాస్తు వేసి ఉన్నారా, అది ఇంకా పెండింగ్‌లో ఉందా అని అడిగాడు. ఉంటే దాని ఆధారంగా కాస్త ఆలస్యమైనా మాది వేయొచ్చు. లేకపోతే మీరు దేశం బయటికి వెళ్ళి ఎదురు చూడాలి. ఎంతకాలమో చెప్పలేం అన్నాడు.

ఆ ఎడిసన్ ఆయన వేశాడో లేదో తెలియదు. వేసి ఉంటే, నేను తప్పుకున్న రోజే వెనక్కి తీసుకుని ఉంటాడు. నేనైతే తీసుకునేదాన్ని. మా ఆయన్ని వెళ్ళి అడగమన్నాను. "ఈమెయిల్ రాసింది నువ్వు. నువ్వే అడగాలె. నన్ను పంపకు" అన్నాడు. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆయన నాతో ఖరాఖండిగా మాట్లాడింది అదొక్కసారే.

అరవయ్యో రోజు శనివారం. పొద్దున తొమ్మిదింటికి ఎడిసన్ వెళ్ళాను. ఏ ముఖం పెట్టుకుని వెళ్ళానో నాకే తెలియదు. తలుపు వదినగారు తీశారు. రా అన్నారు, అమ్మా అనలేదు. కాఫీ అడగలేదు. అది న్యాయమే. ఆయన బేస్‌మెంట్‌లో ఉన్నారని చెప్పి మెట్లు చూపించారు.

కింద ఒక బల్ల, రెండు కంప్యూటర్లు, గోడ వెంబడి ఫైళ్ళు. ఆఫీస్ నిజంగానే ఇంట్లో ఉంది. కుర్చీ చూపించారు. నిలబడే చెప్పాను. కొత్త కంపెనీలో ఏం జరిగిందో, లాయర్ ఏం అడిగాడో, ఇవాళ ఎన్నో రోజో. క్షమించమని అడగాలనుకున్నాను, అది మాత్రం చెప్పలేదు. ఆయన అంతా విని, లేచి ఒక ఫైలు తీసి, అందులోంచి ఒక కాగితం నా వైపు తిప్పారు. ప్రభుత్వం వారి రసీదు. నా పేరు, నా పుట్టిన తేదీ. దరఖాస్తు అందింది ఇరవై తొమ్మిదో రోజున. నేను ఆయన ఆఫీస్ తలుపు లాగి చూసిన రోజుకి అది వేసి ఐదు రోజులు.

"ఇది నాకెందుకు ఇవ్వలేదు?" అన్నాను. అడిగే హక్కు లేకపోయినా అడిగాను.

"నీకు ముందు ఇద్దరికి ఇచ్చానమ్మా. రసీదు చేతిలో పడగానే దాన్ని పట్టుకుని వేరే కంపెనీకి వెళ్ళిపోయారు. అందుకని నీకు ఇవ్వలేదు. నువ్వు రసీదు లేకుండానే వెళ్ళిపోయావు" అన్నారు. ఎత్తిపొడుపు లేదు, జరిగింది చెప్పినట్టే చెప్పారు.

అది ఇంకా పెండింగ్‌లో ఉందా అని నేను అడగలేదు. ఆయనే చెప్పారు. లాయర్ రెండుసార్లు ఫోన్ చేసి వెనక్కి తీసుకుందామా అని అడిగాడట. తనే, అటు ఏదైనా తేడా వస్తే ఇటు రావడానికి ఉంటుంది, ఇక్కడ ఉద్యోగం అలాగే ఉంది, ఉంచమన్నారట. కాపీ తీసుకోమని ఫైలు మొత్తం నా చేతికి ఇచ్చి, తను ప్రింటర్ ఆన్ చేయడానికి అటు తిరిగారు.

రసీదు వెనక దరఖాస్తు, దాని వెనక ఒప్పందం ఉన్నాయి. ఆరో పేజీ దగ్గర నా చెయ్యి ఆగింది. నా సంతకం కింద, నేను ఖాళీగా వదిలి వచ్చిన గీత మీద, ఆయన సంతకం ఉంది. పక్కన తేదీ చేత్తో రాసి ఉంది. ఆ ఆదివారం తేదీనే. మేం కారెక్కిన తర్వాత, రాహుకాలం రాకముందే, ఆయన పెట్టేసి ఉంటారు. నేను మర్యాదగా ఈమెయిల్ రాసిన నాటికి ఆ ఒప్పందం అమల్లోకి వచ్చి నెల రోజులు. నేను కట్టుబడి ఉన్నాను, ఆయనకి తెలుసు. నాకు తెలియదని కూడా ఆయనకి తెలుసు.

"మీరు సంతకం పెట్టే ఉన్నారు. నేను లేదని రాశాను. ఆ రోజే చెప్పొచ్చు కదా" అన్నాను.

"చెప్తే నమ్ముతావా? డేట్ వెనక్కి వేసి ఇప్పుడు పెట్టాడంటావు" అన్నారు.

అంటాను. తప్పకుండా అనేదాన్ని. ఈ మనిషి నన్ను ఒక్క భోజనం పరిచయంలోనే ఇంత సరిగ్గా ఎలా చదివాడో అని, సిగ్గుతో పాటు భయం కూడా వేసింది.

"మరి కోర్టుకి ఎందుకు వెళ్ళలేదు? ఇది వెనక్కి ఎందుకు తీసుకోలేదు? ఎందుకు ఉంచారు?"

ఆయనకి నా ప్రశ్న అర్థం కానట్టు చూశారు. "ఎందుకేంటమ్మా. అరవై రోజులు దాటితే మీరు ఎట్లా ఉంటారు?" అన్నారు.

నా చేతిలో ఫైలు తీసుకుని కాపీలు తీశారు. ఆయన వాటిని పిన్ను కొట్టి ఒక కవర్లో పెట్టి ఇచ్చారు. ఏ కాగితం మీదా నన్ను సంతకం పెట్టమనలేదు. పైకి వచ్చేసరికి వదినగారు వంటింట్లో ఉన్నారు, ఇటు తిరగలేదు. వెళ్ళొస్తానని ఆమె వీపుతో చెప్పాను.

ఆ రసీదు ఆధారంగానే మా కొత్త దరఖాస్తు నిలబడింది. ఆలస్యమైనా ఒప్పుకున్నారు, మేం ఇక్కడే ఉన్నాం. కానీ ఆ శనివారం అదంతా నాకు తెలియదు. వాళ్ళ వీధి మలుపులో కారు ఆపి, కవర్ తెరిచి, ప్రతి పేజీ రెండువైపులా తిప్పి చూశాను. ఎక్కడో ఒక షరతు, ఒక చిన్న అక్షరాల వాక్యం, నన్ను పట్టుకునే కొక్కెం ఏదో ఉండి తీరాలని వెతికాను. మూడుసార్లు వెతికాను. ఏమీ దొరకలేదు. అప్పుడు ఏడుపొచ్చింది.

మా ఆయన ఫోన్ చేశాడు. ఇచ్చాడా అని అడిగాడు. ఇచ్చారన్నాను. ఎప్పుడో వేశారని, వెనక్కి తీసుకోలేదని, ఆ ఆదివారమే సంతకం కూడా పెట్టారని చెప్పాను.

"ఏం అడిగిండు?"

"ఏమీ అడగలేదు."

"ఏమీ అడగకుండ ఎందుకిస్తడు? ఇంకోసారి మంచిగ చూడు, ఏమన్న ఉన్నదేమో."

ఆ మాట నాది. ఈ అరవై రోజులూ ఇంట్లో నేనే అంటూ వచ్చాను, ఆయన వింటూ వచ్చాడు. ఇప్పుడు అది ఆయన నోటి నుంచి వింటే ఒళ్ళు మండిపోయింది.

"అరవై రోజులు దాటితే మనం ఎట్లా ఉంటామని ఇచ్చారు" అన్నాను.